ఐనార్ ముక్కు, వాల్డి కారు

హోఫ్‌విక్‌లో ఏ వస్తువైనా పాడైందేమో అన్న అనుమానం వస్తే దాన్ని ఐనార్ సోల్మండ్‌సన్ దగ్గరికి తీసుకెళ్ళేవారు. పాలు విరుగుముఖం పట్టాయా, క్రిస్మస్‌కి పొగబెట్టిన గొర్రెమాంసం ఈస్టరు దాకా ఆగుతుందా, గోదాములో ఎలుక చచ్చింది ఏ మూల, అన్నీ ఆయన ముక్కే తేల్చాలి. వినిపెగ్ సరస్సు పడమటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అందరూ ఎప్పుడో ఐస్‌లాండ్ నుంచి వచ్చినవాళ్ళ మునిమనవలు. చేపలు పట్టడంలోనూ, కాఫీ తాగడంలోనూ వాళ్ళు గట్టివాళ్ళే. అంతకంటే గట్టివాళ్ళు మనిషి ఎదురుగా ఉండగా అతని లోపం ఎత్తకపోవడంలో. ఐనార్ చేపల షెడ్డులో జీవితమంతా సరుకు తనిఖీ చేశాడు. పెట్టె మూత తీసి, వంగి, ఒక్కసారి గాలి పీల్చి, కాసేపు ఆగి, "తీసుకో" అనో "వెనక్కి" అనో అనేవాడు. సొంత పడవలున్న ఆసాములు కూడా ఆ కాసేపూ టోపీ తీసి చేత్తో పట్టుకునేవారు.

ఆ ముక్కు చచ్చిపోయి మూడు చలికాలాలైంది. ఏదో జ్వరం వచ్చి మంచాన పడేసింది. పోతూ పోతూ వాసననీ వెంటబెట్టుకుపోయింది. తిరిగొస్తుందిలే అనుకున్నాడు ఐనార్. ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గాని వాసన రాలేదు. డాక్టరు చేతులెత్తేశాడు. రిటైరవడానికి అప్పటికింకా రెండు వేసవులున్నాయి. షెడ్డు మేనేజరుతో ఆ మాట చెప్పేస్తే పోయేది. కాని ముక్కుకిచ్చిన మర్యాద, అది పోయిందని తెలిశాక మనిషికి మిగులుతుందా? ఆ నమ్మకం ఐనార్‌కి లేకపోయింది. మొప్పల రంగు చూసి, చేప కళ్ళు చూసి, తెచ్చినవాడి మొహం చూసి ఓ అంచనాకి వచ్చేవాడు. వంగడం, పీల్చడం, ఆగడం మాత్రం మానలేదు. ముక్కు పోయాక ఆ ఆగడం మరికాస్త పెరిగింది కూడా.

అలా రిటైరయ్యాడు. షెడ్డువాళ్ళు గోడ గడియారం ఇచ్చారు. పెళ్ళీ పిల్లలూ లేని మనిషికి గడియారం చూసుకోవడం తప్ప వేరే పనుండదని కాబోలు. ఐనార్ మాత్రం గడియారం చూస్తూ కూర్చోలేదు. లౌగా ఇంటికి కాఫీకి వెళ్ళడం మొదలుపెట్టాడు.

లౌగా చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. బళ్ళో ఐనార్ కంటే రెండు తరగతులు కింద. ఊరికి ఉత్తరంగా, సరస్సుకి వీపుపెట్టి కట్టిన ఇంట్లో ఒక్కతే ఉంటుంది. భర్త బాల్డర్ జాలరి. చాలా ఏళ్ళ కిందట మార్చి నెలాఖరున, గడ్డకట్టిన సరస్సులో వేసిన వలలు తియ్యడానికని మంచు మీదికి ట్రక్కు తోలుకెళ్ళాడు. మంచు విరిగింది. సరస్సంతా కరిగాక గాని మనిషి దొరకలేదు. ఆ తర్వాత లౌగా ఎవరితోనూ ఎక్కడికీ వెళ్ళినట్టు ఊరు ఎరగదు.

అలాంటి మనిషి జూన్‌లో వినిపెగ్‌లో మేనకోడలి పెళ్ళికి తనని తీసుకెళ్ళమని ఐనార్‌ని అడిగింది. కాఫీ పోస్తూ, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది. ఆ ఊళ్ళో ఆ వయసువాళ్ళు పెళ్ళికి ఒకే బండిలో వెళ్ళి, ఒకే తలుపులోంచి లోపలికి వెళ్తే ఇక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఐనార్ ఆ ఊరి అలవాటు ప్రకారం చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకోవడం కూడా మర్చిపోయి ఉత్త కాఫీ మింగేశాడు.

ఆ రాత్రి పడుకున్నాక భయం పట్టుకుంది. భయం ట్రక్కు గురించి. ఏళ్ళ తరబడి చేపల పెట్టెలు మోసిన ట్రక్కు. కిందటేడు అక్టోబరులో లౌగాని చర్చి నుంచి ఇంటి దగ్గర దింపుతుంటే, ఎముకలు కొరికే చలిలో ఆమె కిటికీ అద్దం దించేసింది. ఏమీ అనలేదు. మొహం బయటికి పెట్టి కూర్చుంది. ఆ రోజు నుంచీ ఐనార్ ట్రక్కుని సోడాతో, వెనిగరుతో, నిమ్మకాయ సబ్బుతో కడుగుతూనే ఉన్నాడు. వాసన పోయిందో లేదో ఆయనకెలా తెలుస్తుంది? ఇంకొకరిని అడగాలి. అక్కనడిగితే ఎవరి కోసమని మొదలెడుతుంది. వాసన ఉందా అని ఊళ్ళోవాళ్ళని ఐనార్ సోల్మండ్‌సన్ అడగడమా? చచ్చినా అడగడు. కారు కొనడమే తేలికనిపించింది.

వాల్డి ఐనార్‌కి మేనమామ కొడుకు. కాఫీ హోటలు పక్కన పెట్రోలు బంకు నడుపుతూ, దాని వెనకాల ఖాళీ స్థలంలో పాత కార్లు పెట్టి అమ్ముతాడు. వారం కిందటే వచ్చిన ద్రాక్ష రంగు కారొకటి అక్కడుంది. సీట్లు మెత్తగా, రంగు నిగనిగలాడుతూ, ధర మాత్రం అలాంటి కారుకి ఉండాల్సిన దాంట్లో సగం ఉంది.

"ఎక్కడిది బావా ఇది?" అన్నాడు ఐనార్.

"ఉత్తరాన్నుంచి వచ్చింది. అమ్మినవాడు పెద్దగా మాట్లాడే రకం కాదు. ఇంజను విని చూసుకో. మిగతాది నీకు నేను చెప్పేదేముంది? నీ ముక్కుంది కదా."

హోటల్లోంచి నలుగురైదుగురు కాఫీ కప్పులతో బయటికొచ్చి కంచెకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళలో క్యార్టన్ ఉన్నాడు. పెద్ద పడవ, పెద్ద పొట్ట, ఎప్పుడూ సగం మూసిన కళ్ళు. ఆఖరి రెండు వేసవుల్లో ఐనార్ ఇతని పెట్టెలే ఎక్కువ వెనక్కి పంపాడు.

ఐనార్ కార్లో కూర్చున్నాడు. తలుపులు వేశాడు, అద్దాలు ఎక్కించాడు. కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు. ఆగాడు. కంచె దగ్గర ఒకరూ దగ్గలేదు. ఇంకా ఆగాడు. తలుపు తీసుకుని బయటికొచ్చి, షెడ్డులో వాడిన గొంతుతోనే, "శుభ్రంగా ఉంది" అన్నాడు.

కంచె దగ్గరవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఐనార్ అది గౌరవమనుకున్నాడు.

"నిజంగానా?" అన్నాడు వాల్డి. ఆ గొంతులో కాస్త ఆశ్చర్యం ఉంది. "సరే, నువ్వంటే అంతే. ఎనిమిది వందల డాలర్లు బయానా ఇవ్వు. వారంలో మిగతాది. ఈలోగా నడిపి చూసుకో. మనసు మార్చుకుంటే బయానా నాది. నేను చెప్పని లోపం ఏదన్నా బయటపడితే సెంటుతో సహా నీది. నలుగురూ విన్నారుగా?"

నలుగురూ విన్నామన్నారు. ఇద్దరూ చేతులు కలిపారు. చేతులు కలిపాక అక్కడ కాగితం అడిగినవాణ్ణి ఊరు మనిషిగా చూడదు.

పెళ్ళి శనివారం. బుధవారం లౌగాకి బూట్లు కొనాల్సి వచ్చింది. ఐనార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టుకుని, ద్రాక్ష రంగు కారు ఆమె గుమ్మం ముందు ఆపాడు. లౌగా మెట్ల మీద నిలబడి నవ్వింది. "బూట్ల షాపుకి టై ఎందుకయ్యా? బూట్లు నాకు కదా."

"కారుకి కట్టాను. కొత్తది కదా," అన్నాడు ఐనార్. తన జీవితంలో ఆడమనిషితో వేసిన జోకుల్లో అది రెండోదో మూడోదో.

సరస్సు మీంచి చల్లటి వాన కొడుతోంది. ఊరు దాటాక లౌగా చేతులు రుద్దుకుంటుంటే ఐనార్ హీటరు పెట్టాడు. కాసేపు పెళ్ళికొడుకు తల్లి గురించి చెప్పింది లౌగా. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఐనార్ పక్కకి చూశాడు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని నేరుగా ముందుకి చూస్తోంది. మొహంలో రక్తపు బొట్టు లేదు.

"వేడి ఎక్కువైందా?"

"లేదు."

మరి కొంతదూరం వెళ్ళారు. ఆమె ఊపిరి బిగబట్టి మెల్లగా వదులుతోంది. చివరికి, "ఆపు," అంది.

ఆపాడు. ఆమె దిగి వానలో రోడ్డు పక్కన నిలబడింది. గొడుగు కార్లోనే ఉండిపోయింది. ఐనార్ కంగారుగా చుట్టూ తిరిగి వెళ్ళాడు.

"ఐనార్, నీకు వాసన రావట్లేదా?"

నిజం చెప్పడానికి దేవుడు అంతకంటే మంచి అవకాశం ఇవ్వడు. ఐనార్‌ నోట్లోంచి మాత్రం అలవాటైన గొంతు వచ్చింది. "చూశాను. శుభ్రంగానే ఉంది."

లౌగా ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండేది. తెలిసిన మనిషనుకుని భుజం తడితే తిరిగి చూసినవాడు వేరేవాడైతే ఎలా చూస్తామో అలా చూసింది.

"శనివారం నేను చర్చి వాళ్ళ వ్యానులో వెళ్తాను. నువ్వు శ్రమపడకు," అంది. ఎదురుగా పాలబండి వస్తే చెయ్యెత్తి ఆపి ఎక్కి వెళ్ళిపోయింది.

ఐనార్ కారుని నేరుగా అక్క ఇంటికి తోలాడు. డీసా ఆయనకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. డాక్టరు కాక, తమ్ముడి ముక్కు పోయిన సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి అని ఐనార్ నమ్మకం. ఆమె అప్రాన్‌తోనే బయటికొచ్చి, కారు తలుపు తీసి, తల లోపలికి పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది.

"ఒరేయ్, దీన్ని నువ్వు కొన్నావా?"

"బయానా ఇచ్చాను. ఏముంది దాంట్లో?"

డీసా వెనక సీటు కిందనున్న తివాచీ అంచు పట్టుకుని లాగింది. కింద సన్నటి బూడిదరంగు మట్టి, ఎండిపోయి పొరలు పొరలుగా లేచింది. అందులో గోరంత నత్తగుల్లలు. సరస్సు దగ్గర పుట్టినవాళ్ళకి అంతకంటే చెప్పక్కర్లేదు. మార్చిలో ఎవడో మంచు మీదికి తోలుకెళ్ళాడు, కారు కిందకి పోయింది, తర్వాత తాళ్ళు కట్టి పైకి లాగి ఆరబెట్టి అమ్మేశారు.

"సరస్సు అడుగు కంపు," అంది డీసా. "వేడి తగిలితే ఇంకా లేస్తుంది. ఎవరన్నా ఎక్కారా దీంట్లో?"

"లౌగా."

డీసా తివాచీని వదిలేసింది. ఇద్దరూ ఆ మట్టిని చూస్తూ నిలబడ్డారు. బాల్డర్ దొరికిన రోజు, ఊళ్ళో చల్లగా ఉండే చోటు అదొక్కటే కాబట్టి, అతన్ని చేపల షెడ్డులోనే పడుకోబెట్టారు. తెల్లవార్లూ లౌగా అతని పక్కన బల్ల మీద కూర్చుంది. తడి కోటు ఆమె ఒళ్ళో ఉంది. ఎవరు తీసుకోబోయినా ఇవ్వలేదు. తాళాలు ఐనార్ దగ్గరే ఉంటాయి గనక ఆయనా ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. ఆ వాసన ఆయనకి తెలుసు. అప్పుడాయన ముక్కు బతికే ఉంది. ఇవాళ ఆ వాసనని పక్కన పెట్టుకుని ఆమె అంతదూరం నోరు మెదపకుండా కూర్చుంది. ఐనార్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. "శుభ్రంగానే ఉంది" అన్న తన గొంతు చెవుల్లో మోగుతోంది.

మర్నాడు పొద్దున్నే కాఫీ హోటలుకి వెళ్ళాడు. పెద్ద బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. తాళంచెవులు వాల్డి ముందు పెట్టాడు.

"ఈ కారు మంచులోంచి కిందకి పోయింది."

వాల్డి తొణకలేదు. "పోయుండచ్చు. నాకూ అనుమానముంది. అందుకే ముందు నిన్ను పిలిచాను బావా. వాసనుందని నువ్వంటే ధర ఇంకా తగ్గించేవాణ్ణి. నువ్వు తలుపులేసుకుని మరీ చూసి శుభ్రంగా ఉందన్నావు. ఇప్పుడు లేదంటావా? అను. ఎనిమిది వందలూ ఇప్పుడే ఇచ్చేస్తా. కాకపోతే ఒక్క మాట. ఆ రోజు ముక్కు తప్పు చెప్పిందా, ఇవాళ చెబుతోందా?"

బల్ల మీద చెంచాల చప్పుడు ఆగింది. క్యార్టన్ సగం మూసిన కళ్ళు పూర్తిగా తెరిచాడు. వెనక్కి పంపిన పెట్టెలన్నీ వరసగా బల్ల మీద పేర్చినట్టనిపించింది ఐనార్‌కి. మట్టి ఉంది, నత్తగుల్లలు ఉన్నాయి, చూపిస్తే చాలు. కాని చూపిస్తే, చూడకముందు నీకెందుకు తెలియలేదని అడుగుతారు.

"కారు శుభ్రంగానే ఉంది," అన్నాడు. "నాకే అక్కర్లేదు."

"అయితే బయానా?"

"ఉంచుకో."

ఎనిమిది వందల డాలర్లు అంత తేలిగ్గా వదులుకున్న మనిషిని ఆ హోటలు అంతకు ముందు చూడలేదు. ఎవరో ఆయనకి కాఫీ పోశారు. ఐనార్ తాగలేదు.

అక్కడ్నుంచి లౌగా ఇంటికి నడిచాడు. వెళ్ళి ఏం చెప్పాలో దారిపొడుగునా కూడబలుక్కున్నాడు. ఆమె తలుపు తీశాక అదంతా మర్చిపోయాడు.

"నాకు వాసన రాదు లౌగా. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ ఏదీ రాదు. నిన్న నాకు తెలియలేదు. తెలిసుంటే ఆ కారుని నీ ఇంటి ఛాయలకి తెచ్చేవాణ్ణి కాదు."

లౌగా గడపలోనే నిలబడిపోయింది. ఆమె మొహంలో ఒకదాని వెంట ఒకటి ఏవేవో కదిలాయి. ముందుగా బయటికొచ్చింది మాత్రం ఆయన ఊహించింది కాదు.

"మరి నా కాఫీ? గేటు దాకా ఘుమఘుమలాడుతోందని ప్రతిసారీ అంటావే?"

"బాగుంటుందని అందరూ అంటారుగా. నేనూ అన్నాను."

"అంటే ఇన్నాళ్ళూ వేడినీళ్ళు పోసినా తాగేవాడివేగా."

"తాగేవాణ్ణి," ఒప్పుకున్నాడు ఐనార్.

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నీకన్నీ తెలిసి కూడా అలా అన్నావనుకున్నా. ఆ రాత్రి నువ్వూ ఉన్నావుగా అక్కడ. ఇంత రాయిలాంటి మనిషా అనుకున్నా." తలుపు పూర్తిగా తీసి, "ట్రక్కుండగా ఆ దరిద్రపు కారెందుకు నీకు?" అంది.

"ట్రక్కు కంపని. నువ్వు కిటికీ దించేశావు కదా ఆ రోజు."

"దించింది ఏడుపొస్తుంటే గాలి తగలాలని. బాల్డర్ ట్రక్కూ అచ్చం అలాగే ఉండేది. వాకిట్లో చేపల కంపు కొట్టిందంటే ఆ పూటకి మనిషి ఇంటికొచ్చాడని అర్థం. అది నాకు చెడ్డ వాసనెలా అవుతుందయ్యా?"

ఐనార్ సోడాతో, వెనిగరుతో అరిగిపోయిన చేతులవైపు చూసుకున్నాడు.

"డబ్బు తిరిగిచ్చాడా?" అందామె. ఐనార్ జరిగింది చెప్పాడు. లౌగా నవ్వు పోయింది. "అంటే ఆ కారు శుభ్రంగా ఉందని ఇప్పుడు నీ మాటే రుజువు. వేసవి గడపడానికొచ్చిన పట్నంవాళ్ళకి అదే చెప్పి అంటగడతాడు. పసిపిల్లల్ని వెనక కూర్చోబెట్టుకునేవాళ్ళు కొంటే?" కోటు తీసుకుంది. "పద. ట్రక్కెక్కడుంది?"

వాళ్ళు వెళ్ళేసరికి నిజంగానే ఓ పట్నపు కుర్ర జంట ద్రాక్ష రంగు కారు చుట్టూ తిరుగుతోంది. ఆ అమ్మాయి ముక్కు ముడుచుకుని ఉంది. వాల్డి అంటున్నాడు, "మా ఊళ్ళో ముక్కున్న మనిషి తలుపులేసుకుని చూసి ఓకే అన్నాడమ్మా. కావాలంటే వీళ్ళనడగండి." కంచె దగ్గర కాఫీ కప్పులు మళ్ళీ చేరాయి. లౌగా ట్రక్కులోనే ఉండిపోయింది. ఐనార్ ఒక్కడే నడిచాడు.

"ఆ ముక్కు నాదే," అన్నాడు కుర్ర జంటతో. "పనిచెయ్యదు. మూడు చలికాలాలైంది చచ్చి. కారు సరస్సులో మునిగి తేలింది. తివాచీ ఎత్తి చూసుకోండి."

వాళ్ళు ఎత్తి చూడలేదు. ఆ అమ్మాయి అప్పటికే తమ బండి వైపు నడుస్తోంది. వాల్డి తల గోక్కున్నాడు.

ఐనార్ కంచె వైపు తిరిగాడు. టోపీ తీశాడు. "క్యార్టన్, ఆ రెండు వేసవులూ నీ పెట్టెలు ఊరికే వెనక్కి పంపాను. నాకేమీ తెలియలేదు."

క్యార్టన్ కాఫీ ఓ గుక్క తాగాడు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"నీకు వాసన రాదని. మీ అక్క అప్పుడే మా ఆవిడకి చెప్పింది. వెనక్కొచ్చినవి మంచివే, సాయంత్రం ఇంకొకడి పడవ పేరు మీద పంపిస్తే తీసుకునేవాడివి. పాడైనవీ కొన్ని తీసుకున్నావు. అదీ ఇదీ చెల్లుకి చెల్లు."

కంచె దగ్గర ఒకరూ ఆశ్చర్యపోలేదు. ఒకతను నేల చూపులు చూస్తున్నాడు. ఇంకొకతను, కిందటి ఈస్టరుకే గొర్రెమాంసం తెచ్చి వాసన చూపించినవాడు, హోటలు తలుపు వైపు జరిగాడు.

"మరి నాకెవరూ చెప్పలేదే?" అన్నాడు ఐనార్.

"నీ ముక్కు, నీ ఇష్టం," అన్నాడు క్యార్టన్. "చెప్పాలనుంటే నువ్వే చెప్తావనుకున్నాం."

"పొద్దున బల్ల దగ్గర చెప్పుంటే డబ్బు నీ చేతిలో పెట్టేసేవాణ్ణి బావా," అన్నాడు వాల్డి. "అందుకే నిన్ను అలా గుచ్చి గుచ్చి అడిగాను. నువ్వు అందరి ముందూ శుభ్రమే, నాకక్కర్లేదన్నావు. ఇప్పుడు ఉన్న బేరం కూడా పోగొట్టావు. ఇంకేం ఇవ్వను?" కంచె దగ్గరవాళ్ళు తలలూపారు. వాళ్ళ లెక్కలో అది న్యాయమే. ఐనార్ టోపీ పెట్టుకున్నాడు.

తిరిగొచ్చి ట్రక్కెక్కి కూర్చున్నాడు.

"ఏమన్నారు?" అడిగింది లౌగా.

"అందరికీ మొదట్నుంచీ తెలుసట."

"నాకు తెలియదు."

"ఆఁ. ఊరంతటికీ నా మాట నమ్మింది నువ్వొక్కదానివే."

లౌగా కంచె దగ్గరవాళ్ళు ఇటే చూస్తున్నారని తెలిసీ ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "అంటే ఎనిమిది వందలు పోసి దాచుకున్నది నా ఒక్కదాని దగ్గర్నుంచే అన్న మాట," అంది. "నాకు ఊరికే చెప్పుండచ్చు కదయ్యా."

ఐనార్ బండి తీశాడు. బూట్ల షాపు ఇంకా తెరిచే ఉంటుంది.